జ్వరం తగ్గాక మిగిలేది: బిలాస్‌పూర్ రైల్వే బస్తీలో మెదడు వ్యాధుల సామాజిక చరిత్ర

అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్ 1861లోనే జిల్లా కేంద్రమైనప్పటికీ, దాని నేటి రూపానికి పునాది పడింది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా పట్టాలు వేసినప్పుడే. నాగపూర్ నుంచి రాజనందగావ్ దాకా అప్పటికే నడుస్తున్న మీటర్ గేజి లైనును ఆ కంపెనీ తీసుకుని బ్రాడ్ గేజిగా మార్చి, 1891 నాటికి అసన్‌సోల్ వరకు పొడిగించింది. ఉత్తరాన మైకల్ కొండల అడవుల గుండా కట్నీ వైపు వెళ్ళే లైను కూడా ఇక్కడే చీలడంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. దాంతో లోకో షెడ్డు, యార్డు, క్వార్టర్ల వరసలు, ఆసుపత్రి వెలిశాయి, వాటి వెంట సొంత ఊళ్ళు వదిలిన మనుషులు వచ్చి చేరారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కంపెనీ తీరపు లైను వాల్తేరు దాకా చేరడం, 1931లో రాయపూర్–విజయనగరం లైను పూర్తి కావడం వారి రాకపోకలను సులువు చేశాయి. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, టాటానగర్, రాయపూర్ లాగే బిలాస్‌పూర్ కూడా ఉత్తరాంధ్ర ఇళ్ళలో రైల్వే కొలువుతో కలిపి పలికే పేరయింది.

రైల్వే బస్తీల చరిత్ర రాసినవారు ఇంజన్లను, వంతెనలను, సమ్మెలను లెక్కలోకి తీసుకున్నారు. మరణాలు సంభవిస్తే అంటురోగాలను కూడా తీసుకున్నారు. మెదడుకు సోకే జ్వరాల నుంచి ప్రాణాలతో బయటపడిన మనుషులు మాత్రం ఆ చరిత్రలో దాదాపు కనిపించరు. మెదడు కణజాలమే వాచిపోతే దాన్ని ఎన్‌సెఫలైటిస్ అని, మెదడును కప్పి ఉండే పొరలు వాస్తే మెనింజైటిస్ అని వైద్యులు అంటారు. తెలుగు పత్రికలు రెంటినీ తరచు మెదడువాపు వ్యాధి అనే రాస్తాయి. మలేరియాలో ఫాల్సిపారం అనే జాతి పరాన్నజీవి చేరిన ఎర్ర రక్తకణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుని రక్తప్రసరణకు అడ్డుపడితే అది మెదడు మలేరియా. కారణం ఏదైనా బయటికి కనిపించే క్రమం ఇంచుమించు ఒకటే: తీవ్ర జ్వరం, పొంతనలేని మాటలు, ఫిట్స్, స్పృహ తప్పడం. బతికినవారిలో అందరికీ కాకపోయినా కొందరికి మూర్ఛ, మతిమరుపు, మాట తడబాటు, అకారణ కోపం, దిగులు, పని మీద మనసు నిలవకపోవడం మిగిలిపోతాయి. మనిషి బతికాడు గాని మునుపటి మనిషి కాడు అని ఇంటివాళ్ళు చెప్పుకునే స్థితి ఇదే. ఆ స్థితిలో ఉన్న మనిషి జీవితం ఎటు తిరుగుతుందో నిర్ణయించడంలో మెదడులో జరిగిన నష్టానికి ఎంత పాత్ర ఉందో, కొలువుకూ, క్వార్టరుకూ, పెళ్ళి సంబంధానికీ, ఇరుగుపొరుగు మాటకూ అంతే పాత్ర ఉందని బిలాస్‌పూర్ చరిత్ర చూపిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, జ్వరాన్ని పెంచిన పరిస్థితుల్లో రైల్వేకు భాగముంది. జ్వరం తర్వాత మనిషి దేనికి పనికివస్తాడో తేల్చే కొలమానం కూడా రైల్వే చేతిలోనే ఉంది.

రైలుకట్ట వేయడానికి కట్ట పక్కనే మట్టి తవ్వేవారు. పని అయ్యాక ఆ గుంటలు పట్టాల పొడవునా మిగిలిపోయి వానాకాలంలో నీరు నిలిచేది. మైదానాల్లో మలేరియాను ప్రధానంగా వ్యాపింపజేసే అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ దోమకు ఇలాంటి నిలవనీరు అనుకూలం. కొండ వాగుల్లో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ ఖోంగ్‌సరా, భన్వర్‌టోంక్, ఖోడ్రీ వంటి అటవీ స్టేషన్ల పరిసరాలకు సహజమైనదే. దోమ ద్వారానే మలేరియా వ్యాపిస్తుందని తెలియడానికి దారితీసిన కీలక పరిశీలనను రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో చేశాడు. అంటే బిలాస్‌పూర్ మీదుగా మొదటి రైళ్ళు నడిచే నాటికి జ్వరానికీ ఆ గుంటలకూ ఉన్న సంబంధం శాస్త్రానికి తెలియదు. తెలిసిన తర్వాత కూడా గుంటలు పూడ్చే ఖర్చు ఎవరు పెట్టాలన్న ప్రశ్న చాలాకాలం నలిగింది.

దోమతోనే కథ ముగియలేదు. ఉత్తర బెంగాల్‌లోని దువార్స్ తేయాకు తోటలను పరిశీలించిన ఎస్.ఆర్. క్రిస్టఫర్స్, సి.ఎ. బెంట్లీ అనే వైద్యాధికారులు 1909 ప్రాంతంలో ఒక ముఖ్యమైన సంగతి ప్రతిపాదించారు. వేర్వేరు ప్రాంతాల నుంచి కూలీలను రప్పించి, చాలీచాలని తిండితో ఇరుకు పాకల్లో ఒకచోట కుదించి పనిచేయించే చోట మలేరియా అసాధారణ తీవ్రతతో చెలరేగుతుందనీ, దానికి దోమ ఎంత కారణమో శ్రామికుల జీవన పరిస్థితి అంత కారణమనీ వారు వాదించారు. పుట్టిన ఊళ్ళో పదేపదే సోకి కొంత తట్టుకునే శక్తి వచ్చిన మనిషి పక్కన, ఆ జాతి పరాన్నజీవిని ఎన్నడూ ఎరుగని కొత్త మనిషి పడుకుంటాడు. మెదడు మలేరియా వంటి ప్రాణాంతక రూపం ఎక్కువగా ఎదురయ్యేది ఆ రెండోవాడికే. అడవుల గుండా సాగిన రైలుకట్టల నిర్మాణానికి ఈ వాదన అక్షరాలా వర్తిస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ బెంగాల్ నాగపూర్ రైల్వే రోనాల్డ్ సీనియర్-వైట్ అనే మలేరియా నిపుణుడిని ప్రత్యేకంగా నియమించుకున్నదంటే ఈ జ్వరం ఆ కంపెనీ పనిదినాలను ఎంతగా మింగిందో అర్థమవుతుంది. దోమల జాతులను, అవి గుడ్లు పెట్టే నీటి గుణాన్ని ఆయన ఎంతో ఓపికగా అధ్యయనం చేశాడు. అయితే కంపెనీకి అక్కరకొచ్చిన లెక్క పోయిన పనిదినాలది. లేచి డ్యూటీకి వచ్చిన గ్యాంగ్‌మన్‌కు నిన్న చెప్పిన మాట ఇవాళ గుర్తుందా లేదా అన్నది ఆ లెక్కలో ఇమడదు.

పరిహారం విషయంలో చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం పని కారణంగా వచ్చే కొన్ని వ్యాధులను జాబితాగా చేర్చినప్పుడు సీసపు విషం, భాస్వరపు విషం, ఆంత్రాక్స్ వంటివి అందులో ఉన్నాయి, మలేరియా లేదు. కట్ట మీద చెయ్యి తెగితే పరిహారం అడగడానికి దారి ఉంది, అదే కట్ట పక్కన జ్వరం సోకి మతి చెడితే అది దేవుడు చేసిన పని అయింది. వి.వి. గిరి వంటి తెలుగు నాయకులు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన 1920లలో జీతాలు, ఉద్యోగాల కోత, పనిగంటలు ముందుకు రావడం సహజమే. జ్వరం తర్వాత మిగిలే లోపం గురించి మాట్లాడటానికి సంఘాలకు గాని, వైద్యులకు గాని అప్పటికి సరైన పరిభాష కూడా లేదు.

పరిభాష లేదన్నది ఆధునిక వైద్యానికి వర్తించే మాట. జనానికి తమ మాటలు తమకున్నాయి. జ్వరంలో కలవరింతలు, వణుకు, తెలివి తప్పడం కలిసి వస్తే ఆయుర్వేదం దాన్ని సన్నిపాత జ్వరంగా గుర్తించింది, తెలుగు పల్లెల్లో సన్ని కమ్మింది అనేవారు. ఫిట్స్ వస్తే గాలి సోకిందనో, ధూళి తగిలిందనో చెప్పుకుని తాయెత్తు కట్టించేవారు. చేతిలో తాళాలగుత్తి పెట్టి గుప్పిట మూయించడం ఇప్పటికీ కనిపిస్తుంది. ఫిట్స్ చాలావరకు రెండుమూడు నిమిషాల్లో తమంతట తామే ఆగిపోతాయి. తాళాలు పెట్టిన కొద్దిసేపటికే వణుకు తగ్గడం చూసినవారికి ఆ ఇనుమే పనిచేసిందన్న నమ్మకం బలపడటంలో ఆశ్చర్యం లేదు. ఆ నమ్మకాన్ని వెక్కిరించి లాభం లేదు, ఎందుకంటే మనిషి కళ్ళముందు కొట్టుకుంటున్నప్పుడు ఇంటివాళ్ళకు చేతనైన పని ఏదో ఒకటి ఉండాలి. ఆ గుప్పిట పట్టుకునే నిమిషాల్లో మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలన్న సంగతి మాత్రం వారికి ఎవరూ చెప్పలేదు, నష్టం అక్కడ జరిగింది.

బిలాస్‌పూర్ రైల్వే బస్తీలో ఈ తెలుగు నమ్మకాల పక్కనే ఛత్తీస్‌గఢీ నమ్మకాలు జీవించాయి. పల్లెల్లో జబ్బుకు మంత్రం వేసేవాడిని బైగా అని, గునియా అని పిలుస్తారు. ఉన్నట్టుండి పిల్లవాడు వంకర్లు తిరిగి స్పృహ తప్పితే అది ఎవరో చేసిన చేతబడి అని అనుమానించి, ఊళ్ళో ఒక స్త్రీని టోనహీ అని వేలెత్తి చూపే దురాచారం ఆ ప్రాంతంలో ఎంత గట్టిదంటే, 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టోనహీ వేధింపుల నివారణకు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఆ వేలు తరచు చూపేది వితంతువు వైపో, ఒంటరి ముసలిదాని వైపో, భూమి తగాదాలో చిక్కుకున్న ఆడమనిషి వైపో. మెదడు జ్వరాల సామాజిక భారాన్ని రోగి ఒక్కడే మోయడని, కొన్నిచోట్ల దాన్ని ఏ సంబంధమూ లేని ఆడమనిషి తలకెత్తుతారని ఈ సంగతి గుర్తుచేస్తుంది.

నమ్మకాలన్నీ నష్టమే చేశాయనడం కూడా న్యాయం కాదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అంటురోగాలను అదుపులో ఉంచే తల్లిగా గ్రామదేవతను కొలవడం పాత ఆచారం. వలస వచ్చినవారు ఆ తల్లిని వెంట తెచ్చుకున్నారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో వేసవిలో జరిగే సోలాపురి మాత పూజ ఈ కోవలోదే, ఇప్పుడది తెలుగువారితో పాటు ఇతరులూ వచ్చే ఉత్సవమైంది. అమ్మవారి ఎదుట జబ్బు మనిషిని కూర్చోబెట్టడానికి ఎవరూ సిగ్గుపడరు. ఇంట్లో దాచిన రోగాన్ని పదిమందిలోకి తీసుకువచ్చి మొక్కు చెప్పుకునే వీలు కల్పించిన చోటు, ఆసుపత్రి ఓపీలో దొరకని ఊరటను కొందరికైనా ఇచ్చింది. పరాయి రాష్ట్రంలో, పరాయి భాషలో డాక్టరుకు తన బిడ్డ తీరు మారిందని వివరించలేని తల్లి, అక్కడ తన భాషలో చెప్పుకోగలిగింది.

భాష సంగతి చిన్నది కాదు. మెదడు దెబ్బతిన్న తీరు రక్తపరీక్షలో తెలియదు, మనిషితో మాట్లాడితే తెలుస్తుంది. హిందీలో గాని, ఇంగ్లీషులో గాని ప్రశ్నలడిగే వైద్యుడి ముందు, శ్రీకాకుళం యాసలో తప్ప మాట్లాడలేని స్త్రీ తడబడితే ఆ తడబాటు జబ్బుదో, భాషదో తేల్చడం కష్టం. రైల్వే ఆసుపత్రి ఉద్యోగితో పాటు కుటుంబానికీ ఉచిత వైద్యం ఇచ్చిన సంస్థ, ఆ కాలపు బయటి సమాజంతో పోలిస్తే అది గొప్ప మేలు. కాని కంపెనీ కాలంలో యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు, మిగతా భారతీయులకు క్వార్టర్లు, సౌకర్యాలు మెట్లుమెట్లుగా ఉండేవి; బంగళాలకు దోమతెరల గదులు, కిందిస్థాయి సిబ్బందికి వరసగా కట్టిన ఒంటిగదుల ఖోలీలు. ఆరేడుగురు పడుకునే ఒక గదిలో ఫిట్స్ వచ్చే మనిషి ఉంటే రాత్రి నిద్ర ఆ ఒక్కరికే కాదు, ఇంటిల్లిపాదికీ కరువే. అలాంటి గదుల వరసలో గుట్టు అన్నదే ఉండదు కనుక, ఒక ఇంట్లో జరిగింది తెల్లవారేసరికి వరస మొత్తానికీ తెలిసేది.

మందుల నుంచి కూడా మనసుకు దెబ్బలు తగిలాయి. పోస్టాఫీసుల్లో పైసా పొట్లాలుగా అమ్మిన క్వినైన్ చేదుకు, చెవుల్లో హోరుకు జడిసి చాలామంది మధ్యలోనే మానేసేవారు. గర్భం పోతుందన్న భయం ఆడవాళ్ళను దూరం ఉంచేది. రెండో ప్రపంచ యుద్ధంలో క్వినైన్ కొరతతో వాడుకలోకి వచ్చిన మెపాక్రిన్ ఒంటిని పచ్చగా మార్చడంతో పాటు కొద్దిమందిలో తాత్కాలిక ఉన్మాదాన్ని తెచ్చింది, తర్వాత వచ్చిన క్లోరోక్విన్‌కు కూడా అరుదుగా ఆ గుణం ఉంది. దీంతో ఒక మనిషి జ్వరం తర్వాత వింతగా ప్రవర్తిస్తే అది జబ్బు వల్లనో, మందు వల్లనో, ఎప్పటినుంచో ఉన్న మానసిక సమస్య వల్లనో తేల్చవలసిన పని మిగిలేది, అది తేల్చగల వైద్యుడు బిలాస్‌పూర్‌లో చాలాకాలం లేడు. కుక్కకాటు విషయం మరీ కఠినమైనది. రేబీస్ మెదడును చేరిన తర్వాత దాదాపు ఎవరూ బతకరు. 1911లో కసౌలీలో రూపొందిన సెంపుల్ టీకాను గొర్రె మెదడు నుంచి తయారుచేసేవారు, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న మాట వినగానే తెలుగు పాఠకులందరికీ గుర్తొచ్చేది అదే. ఆ టీకా వేయించుకున్నవారిలో కొద్దిమందికి టీకా వల్లనే మెదడు, నరాలు వాచేవి. ఆ పద్నాలుగు సూదుల భయం ఎందరిని పసరుమందుల వైపు నడిపించిందో లెక్క కట్టినవారు లేరు. 2000ల మధ్యలో భారతదేశం దాన్ని ఆపేసి కణజాల టీకాలకు మళ్ళే వరకు ఆ భయం అకారణమైనదేమీ కాదు.

బిలాస్‌పూర్ లాంటి ఊళ్ళో మెదడు జ్వరం నుంచి కోలుకున్న మగవాడికి ఎదురయ్యే మొదటి పరీక్ష రైల్వే డాక్టరు గదిలోనే. సిక్ మెమో ఇచ్చి జబ్బు సెలవులో చేర్చుకున్న ఆసుపత్రి, ఫిట్ సర్టిఫికెట్ ఇస్తేనే డ్యూటీలో చేరనిస్తారు. రైల్వే ఉద్యోగాలకు ఏ, బి, సి అనే వైద్య వర్గాలున్నాయి, వాటి వెనుక ఉన్న తర్కం గమనించదగ్గది. రైలు నడిపేవారి, సిగ్నల్ చూసేవారి ఏ వర్గం ప్రయాణికుల భద్రత కోసం; యంత్రాల నడుమ పనిచేసేవారి బి వర్గం ఆ ఉద్యోగి, అతని తోటివారి భద్రత కోసం; కార్యాలయాల్లో పనిచేసేవారి సి వర్గం పాలనా ప్రయోజనం కోసం. మూర్ఛ ఉన్న మనిషి ఇంజన్ నడపరాదన్న నిబంధనను ఎవరూ తప్పుపట్టలేరు, వెనుక పెట్టెల్లో వందలమంది ప్రాణాలున్నాయి. అందువల్ల ఒక్కసారి ఫిట్స్ వచ్చిన డ్రైవరు పై వర్గం నుంచి కిందికి దిగుతాడు. రైల్వేవాళ్ళు దీన్నే డీకేటగరైజ్ చేశారంటారు. ఇంజన్ నడిపే ఫుట్‌ప్లేట్ దిగిన డ్రైవరుకు కిలోమీటర్ల లెక్కన వచ్చే మైలేజీ పోతుంది, దాంతో పాటు యూనిఫాం గౌరవం పోతుంది, షెడ్డులో పది మందిని అజమాయిషీ చేసిన మనిషి స్టోర్సులో లెడ్జరు ముందు కూర్చోవలసి వస్తుంది. జ్ఞాపకశక్తి దెబ్బతిన్నవాడికి ఆ లెడ్జరు పనే ఇంజన్ కంటే కష్టమైనదని వైద్య వర్గాల పట్టిక గుర్తించలేదు. ఇంజన్ శబ్దాన్ని బట్టి దాని జబ్బు చెప్పగలిగిన చేయితిరిగిన మనిషి, నాలుగు అంకెల కూడిక దగ్గర తడబడి పై అధికారితో మాటపడటం, ఇంటికి వచ్చి ఆ కోపం భార్య మీద చూపడం, ఆ కోపాన్ని ఆమె మందు తాగిన కోపం అనుకోవడం ఒకదాని వెంట ఒకటి వచ్చేవే.

ఈ ఏర్పాటులో మరో మెలిక ఉంది. ఉద్యోగి చనిపోయినా, ఏ ఉద్యోగానికీ పనికిరాకుండా పూర్తిగా అన్‌ఫిట్ అయినా, అతని కొడుక్కో కూతురికో కారుణ్య నియామకం దొరికే అవకాశం రైల్వేలో ఉంది. పేద కుటుంబానికి అది నిజమైన ఆధారం. కాని తండ్రిని తేలికైన పనిలో కొనసాగించడమా, పూర్తిగా పనికిరాడని రాయించి కొడుకును నిలబెట్టడమా అన్న ప్రశ్న ఇంట్లో చర్చకు వచ్చినప్పుడు, ఆ మాటలు అర్థం చేసుకునే తెలివి రోగికి ఇంకా ఉందన్న సంగతి చాలాసార్లు ఎవరి దృష్టికీ రాదు. కోలుకునే ప్రయత్నానికి కావలసిన మనసు అక్కడే చచ్చిపోతుంది. 1995 నాటి వికలాంగుల చట్టం 47వ సెక్షన్, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తొలగించరాదనీ, జీతం తగ్గించరాదనీ, తగిన పోస్టు దొరికేవరకు అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలనీ చెప్పిన తర్వాత ఈ ఒత్తిడి కొంత తగ్గింది. అంతకు ముందు వందేళ్ళ పాటు ఈ రక్షణ లేకుండానే మనుషులు పనిచేశారన్నది గుర్తుంచుకోవాలి.

స్త్రీల విషయంలో కొలమానం కొలువు కాదు, పెళ్ళి. చిన్నప్పుడు మెదడువాపు వచ్చి బతికిన ఆడపిల్లకు ఏడాదికొకసారి ఫిట్స్ వచ్చినా ఆ సంగతి సంబంధాలు చూసే రోజుల్లో దాచడం ఆనవాయితీ, ఎందుకంటే చెబితే సంబంధం కుదరదు. దాచడం కోసం పెళ్ళినాటికి ముందే మాత్రలు ఆపేస్తారు, అత్తవారింట్లో మాత్రలు మింగితే తెలిసిపోతుందని అక్కడా ఆపేస్తారు. నిద్రలేమి, అలసట, మాత్రల లేమి కలిసి కొత్త కాపురంలోనే ఫిట్స్ తిరగబెడతాయి. చట్టం ఈ భయానికి కొంతకాలం తోడు నిలిచింది. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, పదేపదే వచ్చే ఉన్మాదంతో పాటు మూర్ఛను కూడా వివాహానికి అనర్హతగా చేర్చింది. వైద్యుల, రోగుల సంఘాల ఒత్తిడితో 1999లో పార్లమెంటు మూర్ఛ అన్న మాటను తొలగించింది. ఆ నడుమ ఇరవై మూడేళ్ళ పాటు, రెండు రూపాయల మాత్రతో అదుపులో ఉండే జబ్బు ఒక పెళ్ళిని రద్దు చేయించగల ఆయుధంగా ఉండింది. ఆ కాలంలో పెరిగిన తల్లిదండ్రులు ఇప్పటికీ ఆ భయంతోనే మాట్లాడతారు, చట్టం మారిన సంగతి చాలామందికి చేరనే లేదు.

మూర్ఛ రోగుల మీద 1980లలో బ్రిటన్‌లో పరిశోధన చేసిన గ్రాహమ్ స్కాంబ్లర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ దాపరికాన్ని లోతుగా వివరించాడు. సమాజం నిజంగా చూపే వివక్ష ఒకటి, ఆ వివక్ష ఎదురవుతుందని రోగి ముందుగానే భయపడి కుంగిపోవడం మరొకటి. రెండోదాన్ని ఆయన అనుభూత కళంకం అన్నాడు. చాలామంది జబ్బును దాచడం వల్ల బయటి వివక్ష వారికి ఎదురుకాలేదు, కాని దాచే శ్రమే వారి జీవితాన్ని ఎక్కువగా కృంగదీసిందని ఆయన గమనించాడు. ఖోలీల వరసలో గుట్టు సాధ్యంకాని చోట ఈ సిద్ధాంతం కొంచెం మారుతుంది: అక్కడ దాచేది పక్కింటివారి నుంచి కాదు, వారందరికీ తెలుసు, దాచేది ఊరి నుంచి వచ్చే బంధువుల నుంచి, శ్రీకాకుళంలో ఉన్న వియ్యంకుల నుంచి. వలస వచ్చిన చోటు అందరికీ తెలిసిన రహస్యంగానూ, వదిలివచ్చిన ఊరు ఏమీ తెలియనివ్వకూడని చోటుగానూ మారడం వల్ల, సెలవులకు సొంతూరు వెళ్ళే ప్రయాణమే కొన్ని కుటుంబాలకు భారమయింది.

కులం కూడా ఇందులో తల దూర్చింది. భారతదేశంలో మూర్ఛకు ముఖ్య కారణాల్లో ఒకటైన న్యూరోసిస్టిసర్కోసిస్‌లో పంది బద్దెపురుగు గుడ్లు నోటి ద్వారా లోపలికి పోయి, పిల్లపురుగులు మెదడులో బుడగలుగా స్థిరపడతాయి. పంది మాంసం తింటేనే ఈ జబ్బు వస్తుందన్న ప్రచారం వల్ల అది తినే కులాలవారిని ఈసడించడం మామూలయింది. వాస్తవానికి మాంసం తిన్నవారి పేగుల్లో పురుగు పెరుగుతుంది; మెదడుకు చేరే గుడ్లు వచ్చేది మనిషి మలంతో కలుషితమైన నీటి నుంచి, కడగని కూరగాయల నుంచి, చేతుల నుంచి. ఎన్నడూ మాంసం ముట్టనివారికీ ఈ జబ్బు రావడానికి కారణం అదే. నిందను కులం మీద వేయడం మురుగుకాలవ కట్టించడం కంటే చవక కనుకనే ఆ నింద అంతకాలం నిలిచింది.

స్వాతంత్ర్యం తర్వాత మలేరియా తగ్గుముఖం పట్టిన వేగం చూస్తే ఈ సమస్యే చరిత్రలో కలిసిపోతుందని అనిపించి ఉండాలి. 1947లో దేశంలో ఏటా ఏడున్నర కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు ఉంటాయని అంచనా. 1953లో డీడీటీ చల్లే జాతీయ కార్యక్రమం మొదలై, 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. 1976కల్లా అవి తిరిగి 64 లక్షలు దాటాయి. మలేరియా ఇలా తిరగబెట్టినప్పుడు ఫాల్సిపారం వాటా పెరగడం, 1973లో అస్సాంలో మొదటిసారి కనిపించిన క్లోరోక్విన్ నిరోధకత మెల్లగా మధ్య భారతానికి పాకడం మెదడు మలేరియాను మళ్ళీ ముందుకు తెచ్చాయి. బిలాస్‌పూర్ ఉన్న హౌరా–నాగపూర్ లైను మీదే ఉన్న రూర్కెలా ఇస్పాత్ జనరల్ ఆసుపత్రి పాల్గొన్న అంతర్జాతీయ పరిశోధన 2005లో వెలువడి, తీవ్ర మలేరియాలో క్వినైన్ ఇచ్చినవారిలో 22 శాతం చనిపోగా ఆర్టిసునేట్ ఇచ్చినవారిలో 15 శాతమే చనిపోయారని తేల్చింది. బతికేవారి సంఖ్య పెరిగిందన్నది గొప్ప వార్త. ఆ బతికినవారిలో మతిమరుపుతో, మూర్ఛతో ఇంటికి వెళ్ళేవారి సంరక్షణకు ఏర్పాటు ఏమిటన్నది దాని వెంటే రావలసిన ప్రశ్న.

బిలాస్‌పూర్‌కు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ చేసిన పని ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు వైద్యులు 1990ల చివర్లో నెలకొల్పిన ఈ సంస్థ, అచానక్‌మార్ అడవి పల్లెల్లో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు వేలి రక్తాన్ని గాజు పలక మీద పూయడం నేర్పింది. ఆరిన పలకలను చిన్న పెట్టెలో పెట్టి బస్సు వాళ్ళ చేత, బడిపిల్లల చేత గనియారీ పంపితే, ఫలితం మళ్ళీ అదే దారిలో ఊరికి చేరేది. మెదడు మలేరియాలో గంటలే విలువైనవి. రోగిని ముప్పై నలభై కిలోమీటర్లు మోసుకురావడానికి బదులు అతని రక్తపు చుక్కను ఊరి బస్సెక్కించిన ఈ ఏర్పాటులో, ప్రయాణం అన్నదాన్ని జబ్బు మనిషి వైపు నుంచి ఆలోచించిన తెలివి ఉంది. ఆ ఊరివారే అయిన కార్యకర్త చెప్పడం వల్ల బైగా దగ్గరికి వెళ్ళిన తర్వాతైనా రక్తపరీక్షకు ఒప్పుకోవడం సాధ్యమయింది.

తెలుగు పాఠకులకు నాగపూర్ వెళ్ళే ఈ రైలు లైను మరో చేదు జ్ఞాపకాన్ని కూడా ఇచ్చింది. 1965లో నాగపూర్‌లోని చందీపురా అన్న చోట ఇద్దరు జ్వరపీడితుల రక్తంలో కనిపెట్టిన వైరస్, శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ ద్వారా వ్యాపించేది, ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు తెచ్చి 183 మందిని బలిగొంది. చాలామంది పిల్లలు జబ్బు మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. ఆ వేగం ముందు తల్లిదండ్రులు తమనే నిందించుకున్నారు: తెల్లవారే తీసుకువెళ్ళి ఉంటే బతికేవాడేమో అన్న మాట, వైద్యం చేయగలిగింది ఎంత తక్కువో తెలిసినా, వారి నోట పోదు. పిల్లవాడిని పోగొట్టుకున్న ఇంటికి మానసిక సాంత్వన ఇవ్వడం అంటువ్యాధి నియంత్రణలో భాగమన్న ఆలోచన మన ఆరోగ్య శాఖల్లో నేటికీ బలహీనమే.

బిలాస్‌పూర్‌లో మనసు వైద్యానికి చోటు చాలా ఆలస్యంగా దొరికింది. మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజుల్లో మతి చెడిన రోగిని గ్వాలియర్‌కో, రాంచీకో రైల్లో తీసుకువెళ్ళేవారు, రాంచీకి పంపారంటే ఇక తిరిగి రాడన్నంత అర్థం ఉండేది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడ్డాక ఊరిలో వైద్య కళాశాల, పక్కనే సేంద్రీలో రాష్ట్ర మానసిక ఆసుపత్రి వచ్చాయి. జ్వరం చూసే వైద్యుడు ఒకచోట, మనసు చూసే వైద్యుడు ఇంకోచోట ఉండటంతో, రెంటి నడుమ పడిన మనిషిని ఎవరు చూడాలన్న చిక్కు మిగిలే ఉంది. సేంద్రీకి వెళ్ళమన్న చీటీ చేతిలో పెడితే తమవాడిని పిచ్చివాడి కింద జమకట్టారని కుటుంబం వెనుదిరగడం, ఆ చీటీ బీరువాలోనే ఉండిపోవడం జరుగుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచి, దీర్ఘకాలిక నాడీ వ్యాధులను కూడా చేర్చింది, ఉదాహరణగా పార్కిన్సన్ వ్యాధిని, మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేర్కొంది. మూర్ఛ ఆ 21లో విడిగా లేదు. మెదడువాపు తర్వాత మిగిలిన మతిమరుపుకు సర్టిఫికెట్ కావాలంటే దాన్ని తరచు మానసిక అనారోగ్యంగానో, మేధోపరమైన వైకల్యంగానో నమోదు చేయించుకోవలసి వస్తుంది, అంటే సాయం అందాలంటే ఏ పేరుకు కుటుంబం ముప్పై ఏళ్ళుగా భయపడుతోందో ఆ పేరును కాగితం మీద ఒప్పుకోవాలి. ఇక రైల్వే టికెట్టులో రోగులకు ఇచ్చే రాయితీల పట్టిక చూస్తే క్యాన్సర్, క్షయ, కుష్ఠు, తలసేమియా, హీమోఫీలియా, గుండె, కిడ్నీ జబ్బులు, సికిల్ సెల్ రక్తహీనత అందులో ఉన్నాయి. మూర్ఛ పేరు గాని, మెదడువాపు పేరు గాని లేదు, ఆ జబ్బులతో ప్రతి మూడు నెలలకూ రాయపూర్‌కో, నాగపూర్‌కో, విశాఖపట్నానికో డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు బిలాస్‌పూర్ స్టేషన్‌లో పూర్తి ఛార్జీ ఇచ్చే టికెట్ కొంటారు.